మాట రాని బిడ్డకును ఉగాది కలదు

ఏటేట చైత్ర శుద్ధ పాడ్యమి సమీపించునప్పటికి మన తెలుగు కుటుంబములలో సందడి ఆరంభమగును. పందిరి ఎవరు వేయింపవలయును, పంచాంగ శ్రవణమునకు ఏ సిద్ధాంతిగారిని పిలువవలయును, కవిసమ్మేళనమునకు అధ్యక్షులెవరు, పిల్లల పద్యపఠన పోటీలకు బహుమానములేవి అను ముచ్చటలతో పక్షము దినములు ఇట్టే గడచును. పోటీలో గెలిచిన బాలబాలికల పేర్లు పత్రికలో అచ్చగును. తల్లిదండ్రులు చదివి సంతోషింతురు. మేమును సంతోషింతుము. కాని ఆ సభలోనే, చివరి వరుసలో, తల్లి కొంగు పట్టుకొని కూర్చున్న బిడ్డ యొకడు ఉండును. వానికి నాలుగేండ్లు నిండినను మాటలు రాలేదు. లేదా వచ్చిన మాట నత్తిగా వచ్చును. లేదా వాని పలుకు ఇంటివారికి తప్ప అన్యులకు తెలియదు. వాని పేరు ఏ పోటీలోను ఉండదు. వేదిక యెక్కుమని వానిని ఎవరును అడుగరు. ఈ వారము మేము వ్రాయబూనినది ఆ బిడ్డను గూర్చి.

మా వాదము సూటియైనది. నేడందరును స్పీచ్ థెరపీ అని పిలుచుచున్న వాక్చికిత్స తెలుగు బిడ్డకు తెలుగులో జరుగవలయును. ఆ చికిత్సలో సంభాషణకు వస్తువుగా బిడ్డ యింటి పండుగలను, అందులోను సంవత్సరాది వేడుకను, గ్రహింపవలయును. ఇది ముచ్చట కొరకు చెప్పు మాట కాదు. భాషాభిమానము కొరకు మాత్రమే చెప్పునదియు కాదు. బిడ్డ నోట మాట పుట్టుటకు అదియే దగ్గరి దారి గనుక చెప్పుచున్నాము. ఈ దారికి అడ్డు నిలిచినవి రెండు. ఒకటి, ఇంగ్లీషు మీద మనకు గల గుడ్డి నమ్మకము. రెండవది, మాటరాని బిడ్డను పండుగనాడు దాచుకొను మన సిగ్గు. మొదటిదానికి పరులను కొంత నిందింపవచ్చును. రెండవదానికి పూర్తిగా మనమే బాధ్యులము.

మా కంటబడిన సంగతి నొకదానిని ముందు చెప్పెదము. అది ఏ ఊరో, ఏ కేంద్రమో చెప్పుట మా ఉద్దేశము కాదు. ఒక తెలుగు పిల్లవానిని, నాలుగేండ్లవానిని, పరీక్షకు తీసికొనివచ్చిరి. బల్లమీద బొమ్మల అట్టలు పరచిరి. ఒక అట్టమీద కొవ్వొత్తులు గుచ్చిన కేకు, రంగు బుడగలు, నెత్తిన కాగితపు టోపీ పెట్టుకొన్న పిల్లలు. అది నూతన సంవత్సరపు విందు. 'ఇదేమిటి?' అని ఇంగ్లీషులో అడిగిరి. పిల్లవాడు పలుకలేదు. మరల అడిగిరి. పిల్లవాడు బల్ల క్రిందికి చూచెను. 'జవాబు లేదు' అని కాగితము మీద వ్రాసిరి. పరీక్ష ముగిసిన పిమ్మట, బయట అరుగు మీద, అమ్మమ్మ సంచిలోనుండి మామిడికాయ ముక్క తీసి ఉప్పు కారము అద్ది ఇచ్చినది. పిల్లవాడు కొరికి, కన్ను మూసి, 'అమ్మమ్మా, పుల్ల! ఇంకా కాలం!' అనెను. కారమును కాలమనెను, అది వాని ఉచ్చారణలోని లోపము. కాని పిలుపు ఉన్నది, రుచి ఉన్నది, కోరిక ఉన్నది, రెండు మాటల కూర్పు ఉన్నది. ఇదేదియు ఆ కాగితము మీదికి ఎక్కలేదు. పరీక్ష చేసినవారు శ్రద్ధగలవారే. వారి చేతికి వచ్చిన అట్టలు అవియే. తప్పు ఒక మనుష్యునిది కాదు. మన పిల్లల లోకము ఆ అట్టలలో లేకుండుటయే తప్పు.

మాట ఎట్లు పుట్టునో కొంచెము ఆలోచింతము. బిడ్డయు పెద్దయు ఒకే వస్తువును చూచుచు, దానిని గూర్చియే పలుకుచు, ఆ పలుకు అదే సందర్భమున మరల మరల వినబడినప్పుడు బిడ్డ దానిని పట్టుకొనును. బువ్వ, లాల, తాయిలము అను పసిమాటలు అట్లే వచ్చినవి గదా. చికిత్సకులు చేయునదియు మూలమున ఇంతే: బిడ్డకు ఇష్టమైన వస్తువును ఎదుట పెట్టుట, పలుకుటకు అవకాశము కల్పించుట, కాచుకొనియుండుట, బిడ్డ పలికినదానిని కొంచెము పెంచి తిరిగి పలుకుట. ఈ పనికి ఉగాదిని మించిన సామగ్రి మన ఇంట మరేమున్నది? వేపపూవు కంటికి కనబడును, చేతికి అందును, నాలుకకు తగులును. బెల్లమును చితుకగొట్టు చప్పుడు చెవిని పడును. మామిడి ఆకుల వాసన గుమ్మమున నిలుచును. 'బెల్లమా? వేపపూవా?' అని తల్లి రెండు చేతులు చాచి అడిగినప్పుడు, ఎంత మాటరాని బిడ్డయైనను ఏదో ఒకదానిని కోరును. చూపుతో కోరినను అది జవాబే. 'బె' అని అక్షరము పలికినను అది జవాబే. 'చేదు' అనినచో తల్లి 'అవును నాన్నా, వేపపూవు చేదుగా ఉంది' అని పెంచి పలుకవచ్చును. తిరిగి అనుమని బలవంతపెట్టనక్కరలేదు. విన్న మాట వానిలో నిలుచును.

ఉచ్చారణ సంగతి చూతము. పసివారికి పెదవులతో పలుకు ప, బ, మలు ముందుగా వచ్చును. రేఫయు, మూర్ధన్యములును, సంయుక్తాక్షరములును ఆలస్యముగా వచ్చును. ఉగాదినాటి పళ్లెము ఈ మెట్లన్నిటికిని పనికివచ్చును. మామిడి అనుమాటలో పెదవి రెండుమారులు కలియును. పిమ్మట డకారము వచ్చును. వేప సులభము. ఉప్పు, బెల్లము, పచ్చడి అనువానిలో ద్విత్వములున్నవి. చింతపండులో అనునాసికముతో కూడిన జంట రెండుమారులు వచ్చును. కారములో రేఫ, తోరణములో ణకారము, శ్రవణములో సంయుక్తాక్షరము కలవు. తెలుగున ద్విత్వమునకును, దీర్ఘమునకును ప్రాణముతో సమానమైన విలువ గలదు. కల వేరు, కాల వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఇంగ్లీషు అట్టలతో పరీక్షించినచో బిడ్డకు ఈ భేదము తెలియునో తెలియదో ఎన్నటికిని బయటపడదు. ఆ భాషలో ద్విత్వము చేత అర్థము మారు పదములు లేవు గదా. ఇట్లు తెలుగు బిడ్డ తెలుగులో ఎచ్చట తడబడుచున్నాడో తెలియకయే చికిత్స ముగిసిపోవును.

వ్యాకరణమును గూర్చియు ఇంతియే. ఇంగ్లీషు పరీక్షలో 'హీ', 'షీ' అను సర్వనామములను బిడ్డ సరిగా వాడునా అని చూతురు. మన భాషలో సర్వనామము లేకున్నను వాక్యము నిలుచును. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది అను క్రియయే కర్తను చెప్పును. కనుక తెలుగు బిడ్డ భాషాశక్తిని క్రియాంతములలో వెదుకవలయును. 'తాతయ్య పచ్చడి తిన్నాడు, నేను తినలేదు' అని బిడ్డ పలికెనా, కర్తృత్వమును వ్యతిరేకమును వానికి వశమైనవని అర్థము. 'నాకు చేదుగా ఉంది' అనెనా, మన భాషకు సహజమైన చతుర్థీ ప్రయోగము వచ్చినట్లు. పండుగనాడు ఇంటికి వచ్చు బంధువుల పేర్లు తలచుకొనుడు: అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనత్త, బాబాయి, మేనమామ. ఇంగ్లీషు చికిత్సలో ఇందరికిని మిగులునవి 'గ్రాండ్‌మా', 'ఆంటీ', 'అంకుల్' అను మూడు మాటలు. బిడ్డకు ఏడు మాటలు నేర్పు అవకాశము ఎదుట నుండగా మూడింటితో సరిపుచ్చుట పొదుపు కాదు, పేదరికము.

ఉగాది ఒక్కదినపు పండుగ గదా, తక్కిన దినములలో చికిత్స దేనితో నడుచునని కొందరు అడుగుదురు. ఆ ఒక్క దినమునకు ముందు వెనుకలున్నవి. వారము ముందు 'ఏమి చేస్తాం?' అను ప్రశ్న: కొత్త చొక్కా కొంటాం, మామిడాకులు తెస్తాం, ఇల్లు కడుగుతాం. నాడు 'ఏమి చేస్తున్నాం?' అను ప్రశ్న. వారము తరువాత 'ఏమి చేశాం?' అను ప్రశ్న. ఒకే ముచ్చటతో భవిష్యత్తు, వర్తమానము, భూతము అను మూడు కాలములును బిడ్డ నోట పలుకునట్లు చేయవచ్చును. తలంటు ముందా, పచ్చడి ముందా, గుడికి వెళ్లినది ఎప్పుడు అని వరుస చెప్పించినచో కథ చెప్పు శక్తి కలుగును. బడిలో చదువు సాగుటకు ఆ శక్తియే పునాది. ఇంటిలో తీసిన నాలుగు ఛాయాచిత్రములు చాలును. అవి అంగడిలో కొన్న అట్టలకన్న బిడ్డకు ఎక్కువ మాటలు నేర్పును. ఏలననగా ఆ చిత్రములో తానున్నాడు.

ఇక ఇంగ్లీషు వాదమునకు వత్తము. 'బిడ్డకు ఒక భాషయే రాకున్నది, రెండెట్లు వచ్చును? ఇంటిలో తెలుగు మాని ఇంగ్లీషే మాటలాడుడు' అను సలహా మన ఊళ్లలో విరివిగా వినబడుచున్నది. బడివారు చెప్పుదురు, పొరుగువారు చెప్పుదురు, ఒక్కొక్కప్పుడు వైద్యులును చెప్పుదురు. ఈ సలహాకు శాస్త్రాధారము లేదు. రెండు భాషలు వినుటవలన భాషాలోపము పుట్టదని దశాబ్దముల పరిశోధన తేల్చియున్నది. ఆటిజము, డౌన్ సిండ్రోము గల బిడ్డలలో సైతము రెండవ భాష వలన కీడు కలిగినట్లు అధ్యయనములలో కనబడలేదు. అమెరికాలోను బ్రిటనులోను గల వాక్చికిత్సకుల సంఘములు ఇంటిభాషను మానుమని చెప్పుట లేదు, నిలుపుకొనుమనియే చెప్పుచున్నవి. ఇంగ్లీషు సరిగా రాని తల్లి ఇంగ్లీషే మాటలాడవలసివచ్చినప్పుడు ఏమగును? ఆమె మాటలు తగ్గును. 'కమ్', 'సిట్', 'ఈట్' అను ఆజ్ఞలు మిగులును. కథ పోవును, లాలిపాట పోవును, అమ్మమ్మతో ముచ్చట పోవును. మాటలు కొరవడిన బిడ్డకు ఇంటిలో వినబడు మాటలను తగ్గించుట, దాహముగొన్నవాని ఎదుట కుండను బోర్లించుట వంటిది. ఇంగ్లీషు అక్కరలేదని మేమనుట లేదు. నేర్చుకొననిండు. తల్లిభాషలో ఒక గట్టి మెట్టు ఉన్నచో రెండవ మెట్టు ఎక్కుట తేలిక.

మరియొక ఆక్షేపణ గలదు. 'ఉగాది హిందువుల పండుగ, చికిత్సాలయమునకు మతమేల?' అందురు. ఇది న్యాయమైన ప్రశ్న. న్యాయముగనే బదులు చెప్పవలయును. మేము కోరునది ఉగాదిని అందరి నెత్తిన రుద్దుట కాదు. బిడ్డ యింట ఏ వేడుక జరుగునో ఆ వేడుకతో సంభాషణ జరుపుట. మన యానాములో వెంకన్న గుడి ఉన్నది, చర్చి ఉన్నది, మసీదు ఉన్నది. ఒక క్రైస్తవ బిడ్డకు డిసెంబరు 31 నాటి అర్ధరాత్రి ప్రార్థనయే నూతన సంవత్సరమైనచో, కేకు బొమ్మ వానికి సొంత బొమ్మయే; దానితోనే మొదలుపెట్టవలయును. ఒక ముస్లిము బిడ్డకు రంజాను నాటి సేమ్యాపాయసము, నెలవంకను వెదకుట మాటలు పుట్టించును. అన్నిటికిని ఒకే సూత్రము: బిడ్డ చూచినది, తిన్నది, చేసినది ఏదో దానిని ముందుగా తల్లిదండ్రులనడిగి తెలిసికొని, అందుండి మాట తీయవలయును. మేము నిందించునది కేకును కాదు. కేకు మాత్రమే నూతన సంవత్సరమను ఊహను.

ఈ సూత్రము మన కేంద్రపాలిత ప్రాంతమునకు తగినట్లు మరెచ్చటను తగదు. మన ప్రాంతమునకు నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళసీమలో నున్నవి. మాహే మలయాళసీమలో నున్నది. యానాము గౌతమీతీరమున తెలుగుసీమలో నున్నది. ఫ్రెంచివారి పాలన 1954లో ముగిసినది. ఒప్పందమునకు 1962లో ఆమోదము లభించినది. 1963 జూలై 1న కేంద్రపాలిత ప్రాంతము ఏర్పడినది. నాటినుండి ఒకే ప్రభుత్వము క్రింద మూడు దేశభాషలు, మూడు సంవత్సరాదులు నడుచుచున్నవి. మనకు చాంద్రమానపు ఉగాది. తమిళులకు ఏప్రిల్ నడుమ వచ్చు సౌరమానపు పుత్తాండు. మాహేవారికి అదే దినములలో వచ్చు విషు. విషునాడు తెల్లవారుజామున కణి చూపుదురు, పెద్దలు పిల్లలకు నాణెములిత్తురు. తమిళుల ఇంట మామిడికాయ, బెల్లము, వేపపూవు చేర్చిన పచ్చడి పుత్తాండునాడు ఉండనే ఉన్నది. అరువదేండ్ల పేర్లును వారికి మనకు ఒక్కటే: 2025లో మనకు విశ్వావసు మార్చి 30న ఆరంభమైనది, వారికి ఏప్రిల్ 14న ఆరంభమైనది. పదునైదు దినముల ఎడము తప్ప తేడా లేదు. కనుక తమిళుడైన చికిత్సకుడు తెలుగు బిడ్డకు ఉగాది ముచ్చటతో సాయము చేయుట అసాధ్యమేమియు కాదు. తన ఇంటి పచ్చడిని తలచుకొనినచో మన పచ్చడి ఆయనకు అర్థమగును. కావలసినది నాలుగు తెలుగు మాటలు, ప్రక్కన కూర్చుండు తెలుగు తల్లి.

అట్లని ప్రభుత్వము బాధ్యత తీరిపోదు. యానాము నుండి పుదుచ్చేరికి సుమారు 870 కిలోమీటర్లు. వారమునకొకమారు చికిత్సకు తీసికొనిపోవుటకు అది దారి కాదు. 2011 జనాభా లెక్కలలో యానాము జనసంఖ్య 55,626. ఇంతమందిలో మాటల లోపముగల బిడ్డలుండరని ఎవరైన అనగలరా? 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందుటకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించినది. వాక్కు, భాషలకు సంబంధించిన వైకల్యము అందులో ఒకటి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. మాటలు వచ్చిన బిడ్డకే మాతృభాషలో పాఠము కావలెనని రాజ్యాంగము తలచినప్పుడు, మాటలే రాని బిడ్డకు మాతృభాషలో చికిత్స అక్కరలేదని ఏ న్యాయము చెప్పును? మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి విద్యాసంస్థలు మన దేశమున నున్నవి. తెలుగులో ఉచ్చారణ పరీక్షలను, భాషా పరీక్షలను పండితులు కూర్చియున్నారు. సాధనములు పూర్తిగా లేవనుట నిజము కాదు. వానిని తెప్పించి వాడు పట్టుదల లేదనుట నిజము.

ఈ సందర్భమున గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక తీరదు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినముగా జరుపుకొనుచున్నాము. వాడుకభాషకై పోరాడినవారని ఆయనను పొగడుదుము. కాని పర్లాకిమిడి ప్రాంతమున సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పవలెనని ఆయన స్వయముగా ఆ భాష నేర్చి, పుస్తకములు వ్రాసి, బడులు నడిపిన సంగతిని మరచుచున్నాము. తెలుగువాడై యుండియు, సవర బిడ్డ నోరు తెలుగుతో తెరువుమని ఆయన అనలేదు. సవర బిడ్డ దగ్గరకు తానే నడచెను. ఆయన వారసులమని చెప్పుకొను మనము మన సొంత బిడ్డ దగ్గరకు మన సొంత భాషలో నడువలేమా? ఈ పత్రిక గ్రాంథికమున నడచుచున్నను, బిడ్డ నోట రావలసినది గ్రాంథికము కాదు. కనకాలపేటలో పలుకు యాస, దరియాలతిప్ప బెస్తవారి యాస, పుదుచ్చేరిలో తరతరములుగా నున్న కుటుంబములలో తమిళము కలిసిన తెలుగు, అన్నియు తెలుగే. 'ఆయ్' అని పలికిన గోదావరి బిడ్డను తప్పుపట్టుట చికిత్స కాదు.

ఇంతవరకు పరులను ప్రశ్నించితిమి. ఇక మనలను ప్రశ్నించుకొందము. ఉగాది సభలో నత్తిగల బాలుని పేరు జాబితాలోనుండి తొలగించినది ఎవరు? ఇంగ్లీషువారు కాదు. 'పాపం, తడబడతాడు, నలుగురూ నవ్వుతారు' అని జాలిపడిన మనవారే. నవ్వువారిని మందలింపలేదు, బాలుని దాచితిమి. వసకొమ్ము అరగదీసి నాకించినచో వసపిట్టవలె పలుకునని కొందరు ఏండ్లకేండ్లు కాచుకొందురు. వస పసిపిల్లలకు మేలుకు బదులు కీడు చేయవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. 'వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి' అని మరికొందరు ఊరకుందురు. పదునారు నెలలకు ఒక్క మాటయు లేకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి పలుకకున్నను, వచ్చిన మాటలు పోయినను, జాగు చేయక చూపింపవలయును. అన్నిటికన్న ముందు వినికిడి పరీక్ష చేయింపవలయును. వినబడని మాటను ఏ బిడ్డయు పలుకలేడు.

నత్తిగల బిడ్డ ఎదుట పెద్దలు చేయు తప్పులు మరికొన్ని. 'నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చి చెప్పు' అని అడ్డగింతురు. వాని వాక్యమును తామే ముగింతురు. ఈ రెండును మానవలయును. పెద్దలు తాము నెమ్మదిగా మాటలాడి, వాని ముఖము చూచుచు, మాట పూర్తియగువరకు కాచుకొనవలయును. వాడు ఏమి చెప్పుచున్నాడో అది వినవలయును. ఎట్లు చెప్పుచున్నాడో దానిని లెక్కింపరాదు.

మా ప్రతిపాదనకు హద్దులు లేవని అనుకొనరాదు. పండుగను పరీక్షగా మార్చరాదు. బంధువుల నడుమ బిడ్డను నిలిపి 'ఆరు రుచులు చెప్పు, బెల్లం అను, మళ్లీ అను' అని వేధించినచో ఉగాది కూడ బల్లమీది అట్ట వంటిదే యగును. కొందరు బిడ్డలకు జనసమ్మర్దము, మైకు చప్పుడు, కొత్తబట్టల గరుకు భరింపరానివి. చేదు నాలుకకు తగిలిన ఏడుతురు. అట్టివానిని బలవంతపెట్టరాదు, బెల్లపుముక్కతోనే ఆపవలయును, నలుగురిలో కాక వంటింటి గడప దగ్గర మాటలాడింపవలయును. ఇంట మరణము సంభవించి ఏటిసూతకమున నున్న కుటుంబమున ఆ యేడు పండుగ ఉండదు. అట్టి బిడ్డను 'మీ ఇంట ఏమి చేశారు?' అని అడుగుట క్రూరత్వము. చికిత్సకుడు ముందుగా ఇంటివారినడుగవలెనని మేము పట్టుబట్టుటకు ఇదియు నొక కారణము.

కావున మేము కోరునవి మూడు. మొదటిది ప్రభుత్వమును. యానాములో తెలుగు తెలిసిన వాక్చికిత్సకుడు నియతముగా లభింపవలయును. 2024లో ఇచ్చట ప్రారంభమైన జిప్మర్ కేంద్రమున గాని, ప్రభుత్వాసుపత్రిలో గాని, బడులలో గాని ఆ యేర్పాటు జరుగవలయును. తెలుగులో పరీక్షింపక ఏ తెలుగు బిడ్డకును లోపమని ముద్ర వేయరాదు. రెండవది చికిత్సకులను. మీ అట్టల పెట్టెలో మన ఇంటి పళ్లెమునకు చోటీయుడు. తల్లిని బయట కూర్చుండబెట్టక లోపలికి పిలువుడు. అమ్మమ్మ చెప్పు ముచ్చటను మీ కాగితము మీద వ్రాసికొనుడు. మూడవది మనలను. సంఘము వారు కవిసమ్మేళనమునకు చేయు వ్యయములో కొంత తీసి ఉగాది బొమ్మల సంపుటి నొకదానిని అచ్చువేయింపవచ్చును: వేపపూవు, మామిడికాయ, తోరణము, తలంటు, పంచాంగము, తాతగారు. చిత్రములు గీయగల బాలబాలికలు మన ఇండ్లలోనే యున్నారు. అట్లే తమిళ సోదరుల పుత్తాండునకు, మాహేవారి విషునకు సంపుటులు వచ్చినచో నాలుగు ప్రాంతముల బిడ్డలకును మేలగును. ఈ పనిలో వారు మనకు పోటీదారులు కారు, తోడివారు.

వచ్చు ఉగాది సభలో పద్యపఠన పోటీ యథాప్రకారము జరుగనిండు. గెలిచినవారి పేర్లు యథాప్రకారము అచ్చగును. కాని పచ్చడి పంచునప్పుడు చివరి వరుస వరకు వెళ్లుడు. తల్లి కొంగు పట్టుకొన్న ఆ బిడ్డ ఎదుట వంగి, వాని కన్నులలోకి చూచి, 'బెల్లమా? వేపపూవా?' అని అడుగుడు. అడిగిన పిమ్మట తొందరపడి మీరే జవాబు చెప్పకుడు. పది లెక్కించునంత సేపు కాచుకొనుడు. వాడు వ్రేలు చూపినను, తల ఊపినను, 'బె' అనినను, తడబడి తడబడి 'బె-బె-బెల్లం' అనినను, అది ఆనాటి సభలో వినదగిన మాట. దానిని వినుటకు మనకు ఓపిక లేనినాడు మన భాషాభిమానమునకు అర్థము లేదు.